హుసాముద్దీన్ జాబ్‌లో అసలు కిటుకేంటి? నిజామాబాద్ పుర్రచేతి బాక్సర్‌ను మనం సరిగ్గా చూశామా?

రఘునాథపల్లి (జనగామ జిల్లా): తెలంగాణ బాక్సింగ్ అనగానే ఎవరి నోట విన్నా మొదట వచ్చే పేరు నిఖత్ జరీన్. రావాల్సిందే. 2022లో ఇస్తాంబుల్, 2023లో ఢిల్లీ.. వరుసగా రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అంటే ఆషామాషీ కాదు. కానీ అదే నిజామాబాద్‌లో, అదే కోచ్ దగ్గర ఓనమాలు దిద్దిన ఇంకో బాక్సర్ ఉన్నాడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ పతకం ఉంది, కామన్వెల్త్ పతకాలు రెండున్నాయి, అర్జున అవార్డు ఉంది. అయినా రఘునాథపల్లి స్టేషన్‌లో రైలు కోసం ఫోన్ చూసుకుంటూ కూర్చున్న పదిమందిని అడగండి.. ఎంతమంది ఆ పేరు చెబుతారో అనుమానమే. ఆయనే మహ్మద్ హుసాముద్దీన్.

పేరు రాకపోవడానికి ఆయన ఆట తీరు కూడా ఒక కారణం. ఒక్క గుద్దుకు ఎదుటోడు పడిపోయే వీడియో అయితే నిమిషంలో ఊరంతా షేర్ అవుతుంది. హుసాముద్దీన్ ఆట అలాంటిది కాదు. ముందు చేత్తో పొడుస్తూ, దూరం కొలుస్తూ, పాయింట్ పాయింట్ పోగేసుకునే ఆట. ముప్పై సెకన్ల క్లిప్‌లో అది ఇమడదు. అందుకే ఆ ఆటను ఎలా చూడాలో కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఎవరీ హుసాముద్దీన్?

1994 ఫిబ్రవరి 12న నిజామాబాద్‌లో పుట్టాడు. తండ్రి షంషుద్దీన్ బాక్సింగ్ కోచ్. నిఖత్ కూడా మొదట్లో ఆయన దగ్గరే నేర్చుకుంది. ఇంట్లో అన్నదమ్ములూ గ్లవ్స్ తొడిగినవాళ్లే. హుసాముద్దీన్ ఆర్మీలో చేరాడు, జాతీయ పోటీల్లో సర్వీసెస్ తరఫున బరిలోకి దిగుతాడు. బరువు విభాగం మొదట్లో 56 కిలోల బాంటమ్‌వెయిట్, తర్వాత 57 కిలోల ఫెదర్‌వెయిట్. ఆడేది పుర్రచేతి వాటం. ఇంగ్లీష్ కామెంటరీలో 'సౌత్‌పా' అని వినపడేది ఇదే.

2017లో బల్గేరియా రాజధాని సోఫియాలో జరిగే స్ట్రాంజా టోర్నీలో రజతం తెచ్చాడు. యూరప్‌లోని పాత టోర్నీల్లో అదొకటి, డ్రా ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్‌లో కాంస్యం. 2022 బర్మింగ్‌హామ్‌లో మళ్లీ కాంస్యం. 2023 మే నెలలో ఉజ్బెకిస్థాన్‌లోని తాష్కెంట్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం.

ఈ చివరిదాని విలువ తెలియాలంటే ఒక లెక్క చూడాలి. తాష్కెంట్ కంటే ముందు మన దేశ పురుషులు ప్రపంచ బాక్సింగ్ చరిత్ర మొత్తంలో తెచ్చిన పతకాలు ఏడంటే ఏడే. 2009లో విజేందర్, 2011లో వికాస్ కృష్ణన్, 2015లో శివ థాపా, 2017లో గౌరవ్ బిధూరి, 2019లో అమిత్ పంఘాల్, మనీష్ కౌశిక్, 2021లో ఆకాశ్ కుమార్. తాష్కెంట్‌లో దీపక్ భోరియా, నిశాంత్ దేవ్, హుసాముద్దీన్ కలిసి మరో మూడు తెచ్చారు. అంటే పది పతకాల జాబితాలో తెలుగు నేల నుంచి ఉన్న ఒకే ఒక్క పేరు ఇది. మనవాళ్లకు ఈ ముక్క తెలియకపోవడం నిజంగా చిత్రమే.

జాబ్ అంటే ఉద్యోగం కాదండోయ్

జాబ్ అనగానే నోటిఫికేషన్ వచ్చిందేమో అనుకునేరు. బాక్సింగ్‌లో జాబ్ అంటే ముందుకు పెట్టిన చేత్తో నేరుగా విసిరే పంచ్. మామూలు కుడిచేతి వాటం బాక్సర్ ఎడమ కాలు, ఎడమ చేయి ముందు పెట్టి నిలబడతాడు. కాబట్టి అతని జాబ్ ఎడమ చేత్తో వస్తుంది. గట్టి దెబ్బ కొట్టే కుడిచేయి వెనక దాచుకుంటాడు. పుర్రచేతి బాక్సర్ దీనికి తిరగేసి నిలబడతాడు. కుడి కాలు, కుడి చేయి ముందు. హుసాముద్దీన్ జాబ్ కుడి చేత్తో వచ్చేది అందుకే.

జాబ్ పని పడగొట్టడం కాదు. మన ఊళ్లలో కబడ్డీ చూసినవాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. కూతకు పోయినోడు గీత దాటగానే మీద పడడు కదా. కాలు చాపుతాడు, చేయి చాపుతాడు, వెనక్కి లాగుతాడు. ఎవడు ఎటు కదులుతున్నాడో, గొలుసు ఎక్కడ తెగుతుందో చూస్తాడు. చేయి తగిలితే పాయింట్.. తగలకపోయినా సమాచారం వస్తుంది. జాబ్ కూడా అచ్చం అంతే. తగిలితే స్కోరు. తగలకపోతే ఎదుటి మనిషి తల ఎటు తిప్పుతాడో, చేతులు ఎంత పైకెత్తుతాడో తెలిసిపోతుంది. ముఖం ముందు గ్లవ్ ఆడుతుంటే అతనికి వెనక నుంచి వచ్చే ఎడమచేయి కనపడదు.

పుర్రచేతి జాబ్‌కు ఓ చిక్కుంది. కుడిచేతి వాటం వాడి ఎడమచేయి, మనవాడి కుడిచేయి ఎదురెదురుగా ఒకే దారిలో ఉంటాయి. సన్నటి గెట్టు మీద ఇద్దరు ఎదురుపడ్డట్టే. ఒకరి జాబ్‌కు ఇంకొకరి చేయి అడ్డం. అందుకే ఇలాంటి బౌట్లలో తొలి నిమిషమంతా గ్లవ్ మీద గ్లవ్ తట్టుకోవడమే కనపడుతుంది. చూసేవాళ్లు 'ఏంటి, కొట్టుకోరా?' అని ఫోన్ పక్కన పెట్టేస్తారు. అసలు పోరు నడిచేది అప్పుడే. ఎవరి చేయి పైనుంటే వాళ్లు ఎదుటి చేతిని కిందికి నొక్కి జాబ్ వేయొచ్చు. కిందున్నవాళ్లు చేతిని లోపలి నుంచి తిప్పి గడ్డానికి పంపొచ్చు. లేదంటే తలమీద చూపు పెట్టి పొట్టలోకి జాబ్ వేయొచ్చు. పొట్టకు తగిలిన జాబ్ టీవీలో పెద్దగా కనపడదు. కానీ మూడో రౌండ్‌లో కాళ్లు బరువెక్కడానికి అదీ ఒక కారణమే.

చేతులు కాదు, కాళ్లు చూడండి

పుర్రచేతి బాక్సర్ ఆట అర్థం కావాలంటే స్క్రీన్ కింది సగం చూడాలి. ఇద్దరి ముందు పాదాలు ఎదురెదురుగా ఉంటాయి కదా.. మనవాడి కుడి పాదం ఎదుటివాడి ఎడమ పాదానికి బయటివైపు పడిందా, లోపలివైపు పడిందా? బయట పడితే మనవాడి వెనక ఎడమచేయి నేరుగా గడ్డం ఎదురుగా వస్తుంది. ఎదుటివాడి గట్టి కుడిచేయి మాత్రం దూరమైపోతుంది. లోపల పడితే కథ రివర్స్. ఈ ఒక్క జానెడు జాగా కోసమే తొమ్మిది నిమిషాలూ తిరుగుతారు.

హుసాముద్దీన్ బలం మా దృష్టిలో ఇక్కడే ఉంది. ఆయన ఆట చురుకైన కాళ్ల మీద నడిచే ఆట. జాబ్ వేయడం, పక్కకు అడుగు, ఎడమచేయి, మళ్లీ దూరం. జాబ్‌ను విడిగా చూస్తే మామూలుగానే ఉంటుంది. లారీ హోమ్స్ జాబ్‌లా సుత్తిదెబ్బ కాదది. అడుగుతో కలిపి చూస్తేనే దాని పని తెలుస్తుంది.. తలుపు తీసేది జాబ్, లోపలికి పోయేది ఎడమచేయి.

హోమ్స్ పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. 1978 నుంచి 1985 దాకా హెవీవెయిట్ ఛాంపియన్. వరుసగా 48 గెలిచిన తర్వాత గానీ ఓటమి రుచి చూడలేదు. ఆయన జాబ్ హెవీవెయిట్ చరిత్రలోనే గొప్పదని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అయినా మహ్మద్ అలీకి, మైక్ టైసన్‌కు మధ్యలో ఇరుక్కుపోయి జనం నోళ్లలో నానలేదు. జాబ్‌తో బతికే బాక్సర్లకు ఈ గతి అమెరికాలోనూ తప్పలేదన్నమాట.

స్కోర్లు ఏం చెబుతున్నాయి?

అంతర్జాతీయ అమెచ్యూర్ బాక్సింగ్‌లో మూడు రౌండ్లు, ఒక్కోటి మూడు నిమిషాలు. అయిదుగురు జడ్జీలు. రౌండ్ గెలిచినవాళ్లకు 10, ఓడినవాళ్లకు సాధారణంగా 9. తల, ఒంటి ముందు, పక్క భాగాల మీద, నడుం పట్టీకి పైన, పిడికిలి భాగంతో శుభ్రంగా తగిలిన దెబ్బలకే విలువ. తర్వాత ఆట మీద ఎవరి పట్టు ఉంది, ఎవరు పోటీ పడుతున్నారు అనేవి చూస్తారు. 2013 దాకా జడ్జీలు మీటలు నొక్కితే కంప్యూటర్ దెబ్బలు లెక్కపెట్టేది. ఆ ఏడాదే అది పోయి ఈ 10 పాయింట్ల పద్ధతి వచ్చింది, పురుషులకు హెడ్‌గార్డ్ కూడా తీసేశారు. ఈ మార్పు చిన్నదేం కాదు. కంప్యూటర్ రోజుల్లో తాకీ తాకని జాబ్‌కు కూడా లెక్క ఉండేది. ఇప్పుడు జడ్జీ కంట్లో పడాలి. అంటే జాబ్ వేస్తే చాలదు, ఆ జాబ్ వల్ల రౌండ్ నీ చేతుల్లో ఉందని అయిదుగురికీ అనిపించాలి.

ఇప్పుడు తాష్కెంట్ చూడండి. నార్త్ మాసిడోనియాకు చెందిన అలెన్ రుస్తెమోవ్‌స్కీ మీద 5-0. చైనా బాక్సర్ ల్యూ పింగ్ మీద 5-0. రష్యా బాక్సర్ ఉమిద్ రుస్తమోవ్ మీద 5-0. మూడు బౌట్లు, పదిహేను మంది జడ్జీల తీర్పులు, అన్నీ మనవైపే. ఒక్కటీ నాకౌట్ కాదు. అంతకుముందు ఏడాది బర్మింగ్‌హామ్‌లోనూ అదే వరస.. సౌతాఫ్రికా, బంగ్లాదేశ్ బాక్సర్ల మీద 5-0, క్వార్టర్స్‌లో నమీబియాకు చెందిన ఎన్‌డెవెలో మీద 4-1. పడగొట్టకుండా అందరు జడ్జీలనూ ఒప్పించడం అంటే రౌండ్ రౌండ్‌కూ ఆట మీద పట్టు చూపించడమే. నాకౌట్ లేకపోవడాన్ని లోటుగా చూసేవాళ్లు ఈ కోణం వదిలేస్తున్నారు.

అసలు పరీక్ష మే 10న జరిగింది. క్వార్టర్ ఫైనల్, ఎదురుగా బల్గేరియా తరఫున ఆడే క్యూబా మూలాల బాక్సర్ హావియెర్ ఇబానెజ్. ఫలితం 4-3. అయిదుగురు జడ్జీలుంటే ఏడు ఓట్లేంటి అని అప్పట్లో చాలామందికి డౌట్ వచ్చింది. జడ్జీల తీర్పు 3-2గా చీలి బౌట్ రివ్యూకు వెళ్తే మరో ఇద్దరు అధికారుల స్కోర్లు కూడా కలుపుతారు. మొత్తం ఏడు. అందులో నాలుగు మనవాడికి వచ్చాయి. తలవెంట్రుక వాసిలో గెలుపు.

ఈ గెలుపును తక్కువ చేసి చూడొద్దు. ఎందుకో తెలుసా? అదే ఇబానెజ్ మరుసటి ఏడాది 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇదే 57 కిలోల విభాగంలో కాంస్యం గెలిచాడు. అంటే ఒలింపిక్ పోడియం ఎక్కిన బాక్సర్‌ను అంతకుముందే మన నిజామాబాద్ కుర్రాడు ప్రపంచ వేదిక మీద ఓడించాడు. ఈ వార్త ఎంతమంది ఫోన్లకు చేరింది?

మోకాలి దగ్గర ఆగిన కథ

క్వార్టర్స్ గెలిచాడు, పతకం ఖాయమైంది. కానీ మోకాలు వాచింది. మే 12న సెమీఫైనల్‌లో క్యూబా బాక్సర్ సైదెల్ ఓర్తాతో తలపడాలి. గాయంతో బరిలోకి దిగకుండానే తప్పుకోవాల్సి వచ్చింది. కాంస్యంతో సరి. ఓర్తా ఫైనల్ చేరి ఉజ్బెకిస్థాన్ స్టార్ అబ్దుమాలిక్ ఖలోకోవ్ చేతిలో ఓడాడు. ఆ ఖలోకోవే పారిస్‌లోనూ స్వర్ణం కొట్టాడు.

అడుగు మీద బతికే ఆటగాడికి మోకాలు దెబ్బతింటే ఏమవుతుందో వేరే చెప్పాలా. వెనక కాలు నేలను నెడితేనే జాబ్‌కు పొడవు వస్తుంది. ముందు మోకాలు వంగి లేస్తేనే పక్కకు జరగడం కుదురుతుంది. రెండిట్లో ఏది మొరాయించినా చేయి మాత్రమే మిగులుతుంది, ఆ జాబ్ ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది. ఆ ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడలకు 57 కిలోల్లో సచిన్ సివాచ్ వెళ్లాడు. అదే 2023 జనవరిలో హిసార్ జాతీయ పోటీల ఫైనల్‌లో హుసాముద్దీన్ ఓడించింది ఈ సచిన్‌నే. 2024లో ఇటలీలో జరిగిన ఒలింపిక్ క్వాలిఫయర్‌కు హుసాముద్దీన్ తిరిగొచ్చాడు గానీ, కామన్వెల్త్ ఛాంపియన్, ఐర్లాండ్ బాక్సర్ జూడ్ గాలగర్ చేతిలో ఓటమి ఎదురైంది. అలా పారిస్ చేజారింది.

లోపాలు లేవా?

ఎందుకు లేవు. ఉన్నాయి. 2018 గోల్డ్ కోస్ట్ సెమీస్‌లో ఇంగ్లండ్ బాక్సర్ పీటర్ మెక్‌గ్రెయిల్ చేతిలో 0-5తో ఓడాడు. మెక్‌గ్రెయిల్ కూడా పుర్రచేతి వాటమే, ఆ పోటీలో స్వర్ణం కూడా అతనిదే. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే.. పుర్రచేతి బాక్సర్‌కు ఉన్న పెద్ద ఆస్తి అలవాటు లేని కోణం. రోజూ కుడిచేతి వాళ్లతో ప్రాక్టీస్ చేసేవాళ్లకు అతని జాబ్ తేడాగా కనపడుతుంది. ఎదురుగా ఇంకో పుర్రచేతి వాడు నిలబడితే ఆ ఆస్తి అక్కడికక్కడే సున్నా. పాదాల లెక్క కూడా మారిపోతుంది. అప్పుడు మిగిలేది చేతి పొడవు, వేగం, టైమింగ్.

2022 బర్మింగ్‌హామ్ సెమీస్‌లో ఘనా బాక్సర్ జోసెఫ్ కామీ చేతిలో 1-4. రెండు కామన్వెల్త్‌లూ సెమీస్‌లోనే ఆగాయి. ఒక్క దెబ్బతో బౌట్‌ను మలుపు తిప్పే పంచ్ చేతిలో లేకపోతే, వెనకబడ్డ మూడో రౌండ్‌లో దారులు తక్కువ. పాయింట్లతో గెలిచేవాళ్లు పాయింట్లతోనే ఓడతారు. 'అండర్‌రేటెడ్' అన్నామని ఆయన్ను ఖలోకోవ్ పక్కన నిలబెట్టడం లేదు. ఖలోకోవ్‌ది వేరే మెట్టు. కానీ ఆ మెట్టుకు కిందున్న గుంపులో ఎవరితోనైనా 50-50 ఆడగల బాక్సర్ మనోడు. ఇబానెజ్ బౌట్ దానికి సాక్ష్యం.

మరి పేరెందుకు రాలేదు?

ఒలింపిక్స్ లేకపోవడం పెద్ద కారణం. మన దగ్గర నాలుగేళ్లకోసారి మాత్రమే బాక్సింగ్ చూస్తారు, ఆ పదిహేను రోజుల్లో స్క్రీన్ మీద లేనివాళ్లు లేనట్టే. రెండోది, అదే ఊళ్లో నిఖత్ లాంటి సూపర్ స్టార్ ఉండటం. ఆమెకు రాష్ట్ర ప్రభుత్వం 2022లో 2 కోట్లు ప్రకటించింది, 2024లో డీఎస్పీ పోస్టు ఇచ్చింది. అది ఆమె కష్టానికి వచ్చిన ప్రతిఫలం, దాన్ని తప్పుపట్టేదేం లేదు. కాకపోతే ఒకే వీధిలో రెండు దీపాలుంటే పెద్దదాని వెలుగులో చిన్నది కనపడదు. హుసాముద్దీన్‌కు 2023 సంవత్సరానికి అర్జున అవార్డు వచ్చింది, 2024 జనవరి 9న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా అందించారు. అదే జాబితాలో హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ కూడా ఉంది. ఆ వార్త ఓ రోజు స్క్రోలింగ్‌లో తిరిగి వెళ్లిపోయింది.

ఊళ్లో పుర్రచేతి పిల్లాడుంటే..

జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ వైపు పిల్లలకు కబడ్డీ, వాలీబాల్ తెలిసినంతగా బాక్సింగ్ తెలియదు. నేర్చుకోవాలనుకునే పిల్లల్లో ఎడమచేతి వాటం వాళ్లు ఉంటే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. అన్నం తినేటప్పుడు 'ఆ చెయ్యి కాదు, ఈ చెయ్యి' అని కసిరినట్టు రింగ్‌లో కూడా కుడిచేతి వాళ్లలా నిలబెట్టేస్తుంటారు. అలా మార్చాల్సిన పనే లేదు. కుడికాలు ముందు పెట్టి, కుడిచేత్తో జాబ్ నేర్పిస్తే చాలు. మొదటి కొన్ని నెలలు జాబ్, అడుగు తప్ప ఇంకేం నేర్పకపోయినా నష్టం లేదు. భుజం గడ్డాన్ని కప్పాలి, వేసిన చేయి వేసిన దారిలోనే వెనక్కి రావాలి, వెనక చేయి దవడ దగ్గర్నుంచి కదలకూడదు. చేయి కిందికి జారి వెనక్కి వస్తే అదే సందులో ఎదుటివాడి దెబ్బ దూరుతుంది. అద్దం ముందు, గోడకు సున్నంతో గీసిన గీత ముందు కూడా ఇది సాధన చేయొచ్చు. స్పారింగ్ మాత్రం హెడ్‌గార్డ్, మౌత్‌గార్డ్ లేకుండా, కోచ్ లేకుండా వద్దే వద్దు. యూట్యూబ్ చూసి దోస్తులతో ఉత్త చేతుల మీద ట్రై చేయడం అసలే వద్దు.

తాష్కెంట్ క్వార్టర్ ఫైనల్ వీడియో దొరికితే ఒక పని చేయండి. ఫోన్ అడ్డంగా తిప్పి, సౌండ్ తీసేసి, మొదటి రౌండ్ మాత్రం పెట్టండి. పంచ్‌లు లెక్కపెట్టొద్దు. హుసాముద్దీన్ కుడి పాదం, ఇబానెజ్ ముందు పాదం.. ఈ రెండిటి మీదే కన్నేసి ఉంచండి. పాదం జరిగిన ప్రతిసారీ, ఆ వెంటనే ఏ చేయి కదిలిందో చూడండి. మూడు నిమిషాలే. తర్వాత అదే రౌండ్ సౌండ్ పెట్టి ఇంకోసారి చూడండి.